ఏఐ నేర్చుకునే చిన్న వ్యాపారికి తొమ్మిది తలకిందుల సలహాలు

తెనాలిలో మా మేనత్తకు పచ్చళ్ల కొట్టు ఉంది. నేను ఆ వీధిలోనూ చుట్టుపక్కలా ఓ ఇరవై కొట్లకు లెక్కలు రాస్తాను. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చిందన్నప్పుడు మా వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. 2024 జూన్‌లో గూగుల్ జెమిని యాప్ తెలుగుతో సహా మన దేశానికి వచ్చింది. అదే రోజుల్లో వాట్సాప్‌లో మెటా ఏఐ గుండ్రం కనబడటం మొదలైంది. అప్పట్నుంచి ఏ కొట్టుకు లెక్కలు రాయడానికి వెళ్లినా ముందు అదే ప్రశ్న: "మనమూ నేర్చుకోవాలంటావా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

వాళ్లకు నలుగురూ చెప్పే సలహాలు నాకు తెలుసు. క్లాసులో చేరండి, ఇంగ్లీషులో అడగండి, డబ్బు కట్టి పెద్ద ప్యాకేజీ తీసుకోండి, మీ సమాచారమంతా దానికి ఇవ్వండి, కస్టమర్లకు అదే జవాబు చెబుతుంది, మీకు రాకపోతే మీ అబ్బాయికి వదిలేయండి. నేను చెప్పేవి వీటికి సరిగ్గా ఎదురు. వినగానే తప్పుడు సలహాల్లా ఉంటాయి. కానీ ఒక్కొక్కటీ కొట్లో కూర్చుని చూసి, రెండు మూడుసార్లు దెబ్బ తిన్నాక తెలిసినవి.

అన్నిటికీ మూలం ఒకటే. ఏఐని కొత్తగా పనిలో చేరిన గుమాస్తా అనుకోండి. ముత్యాల్లాంటి రాత, విసుగు లేదు, ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ రాస్తాడు. కానీ మీ కొట్టు గురించి అతనికి ఒక్క ముక్క తెలియదు, "నాకు తెలియదు" అనే మాట అంత తేలిగ్గా నోట రాదు. ఇలాంటి మనిషికి మీ నాన్నగారు మొదటిరోజే గల్లాపెట్టె తాళం ఇచ్చి ఉండేవారు కాదు. అలాగని వద్దని పంపేసి ఉండేవారూ కాదు.

1. మొదటి వారం ఏఐని ముట్టుకోకండి

గల్లాపెట్టె పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఆ వారం మీరు ఏమేం రాశారో, చెప్పిందే ఎన్నిసార్లు చెప్పారో అందులో గీతలు పెట్టుకుంటూ వెళ్లండి. మా అత్త చేత అలా రాయిస్తే వారం తిరిగేసరికి నాలుగు ప్రశ్నల కింద గీతలు బారులు తీరాయి: ఆవకాయ కిలో ఎంత, వెల్లుల్లి వేయనిది ఉందా, హైదరాబాదుకు ఎన్నాళ్లలో చేరుతుంది, అమెరికాకు పంపుతారా. ఆ తర్వాత పాత బాకీలు గుర్తుచేసే ఫోన్లు. ఆ తర్వాత సీసాల కంపెనీకి, కొరియరు వాళ్లకు రాసే ఫిర్యాదులు.

ఆమె ఏఐతో చేయించుకోవాల్సిన పని మొత్తం ఆ రెండు పేజీల్లోనే ఉంది. క్లాసులో చెప్పేది అందరికీ పనికొచ్చే పాఠం. మీకు పనికొచ్చే పాఠం మీ నోటుబుక్కులో ఉంటుంది. అది లేకుండా క్లాసుకు వెళ్లినవాళ్లు నెల తర్వాత ఫోనులో ఆ యాప్ ఎక్కడుందో కూడా మరిచిపోవడం నేను చూశాను.

2. తెలియనిది అడగకండి, తెలిసిందే అడగండి

తెలియనిది తెలుసుకోవడానికే కదా అంటారు. కానీ తెలియని విషయంలో అది తప్పు చెప్పినా మీరు పట్టుకోలేరు. మొదటి నెలంతా మీకు కంఠతా వచ్చినవే అడగండి.

ఈ యంత్రం లోపల జవాబులు పేర్చిన బీరువా ఏమీ లేదు. లెక్కలేనంత రాత చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే సబబుగా ఉంటుందో అంచనా కట్టి రాస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికి చెప్పేవి ఇప్పుడు ఉన్నాయి. అయినా కచ్చితంగా తెలిసినదాన్నీ, ఊహించినదాన్నీ ఒకే గొంతుతో చెప్పే గుణం పోలేదు.

ఒక ఉదాహరణ. సరుకులు అమ్మే కొట్టుకు ఏడాదిలో ఎంత అమ్మకం దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి? ఖమ్మంలో ఫ్యాన్సీ కొట్టు నడిపే మా బంధువు ఒకాయన ఏఐని అడిగితే 40 లక్షలని చెప్పింది. తెనాలిలో అది నిజం. ఖమ్మంలో కాదు. 2019లో ఆ పరిమితిని 40 లక్షలకు పెంచినప్పుడు తెలంగాణ పాత 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఇంకో మెలిక కూడా ఉంది. మా అత్త తెనాలి నుంచి హైదరాబాదుకు పచ్చడి పార్సెలు అమ్మిందంటే అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టు. అప్పుడు అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదు. రాష్ట్రం విడిపోయి ఎన్నేళ్లయినా హైదరాబాదు మనకు పరాయి ఊరు అనిపించదు. జీఎస్టీకి మాత్రం పరాయి రాష్ట్రమే. మీరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఈ సంగతి ఆ గుమాస్తాకు తట్టదు.

పన్ను రేట్లూ అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం, 28 శాతం శ్లాబులు పోయి చాలా సరుకులు 5కో 18కో మారాయి. ఏఐ చదివిన పాత రాతలో పాత రేట్లే ఉంటాయి. కాబట్టి మీ వ్యాపారం మీద మీకు బాగా తెలిసిన పది ప్రశ్నలు వేయండి. ఏది తప్పు చెప్పిందో నోటుబుక్కులో రాసుకోండి. ఎక్కడ నమ్మాలో ఎక్కడ నమ్మకూడదో ఆ పది జవాబులే చెప్పేస్తాయి. పన్ను మాటకు మాత్రం చివరి జవాబు మీ ఆడిటరుదే.

3. మంచి భాష మాట్లాడకండి

ఏఐకి మనం చెప్పే మాటను ప్రాంప్ట్ అంటారు. అదేదో మంత్రమని, దానికి ఇంగ్లీషు రావాలని భయపెడతారు. ఇంగ్లీషులో అడగొద్దు, పుస్తకాల తెలుగులోనూ అడగొద్దు. కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి, కొట్లో మాట్లాడినట్టే మాట్లాడండి.

పోయిన వేసవిలో అత్త వాట్సాప్ స్టేటస్‌కి ఆవకాయ మీద నాలుగు మాటలు కావాలంది. నేను "ఆవకాయకు ప్రకటన రాయి" అని టైపు చేశాను. సంప్రదాయ రుచుల సమ్మేళనం, నాణ్యతకు మారుపేరు, మీ భోజనానికి సరికొత్త అనుభూతి అంటూ వచ్చింది. చదివి వినిపించాను.

"ఇందులో ఆవకాయ ఏదిరా?" అంది అత్త.

"పోనీ నువ్వు చెప్పత్తా. కొనడానికి వచ్చినావిడకి ఏం చెబుతావు?"

"ఏం చెబుతాను! టెంక ముదిరిన కాయే కోయిస్తాం. ముక్కకి టెంక అంటుకుని ఉండాల, లేకపోతే నాలుగు నెలలకే మెత్తబడిపోద్ది. పొడిగుడ్డ పెట్టి ఒక్కో ముక్కా తుడుస్తాం. నూనె గానుగది. మూడోరోజు తిరగ కలిపి, ఉప్పు చూసుకుని, అప్పుడుగాని సీసాకెత్తం. ఏడాదిపాటు ముక్క గట్టిగా ఉండకపోతే డబ్బులు వెనక్కిచ్చేస్తానని చెబుతాను."

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాటలన్నీ అచ్చుపడ్డాయి. కింద నేను ఒక్కటే చేర్చాను: "ఈ మాటలు మార్చొద్దు. కొత్త పొగడ్తలు చేర్చొద్దు. తిరగబడిన అక్షరాలు సరిచేసి, ఆరు చిన్న వాక్యాల్లో వరుసగా పెట్టు." అరనిమిషంలో వచ్చింది. అది పెట్టిన సాయంత్రం రాజమండ్రి నుంచి ఒకావిడ ఫోను చేసి, "మూడోరోజు తిరగ కలిపేది మీరేనా?" అని అడిగి రెండు కిలోలు చెప్పింది.

ప్రకటన అత్త నోట్లోనే ఉంది. యంత్రం దాన్ని కాగితం మీద పెట్టింది. ముప్పై ఏళ్లు కొట్లో కూర్చున్న మనిషి నోటినుంచి వచ్చే మాట ఏ ఏఐకీ సొంతంగా రాదు. మీరు చెప్పకపోతే అందరికీ రాసిందే మీకూ రాస్తుంది.

4. ప్రకటనలతో మొదలుపెట్టకండి, బాకీలతో మొదలుపెట్టండి

అందరూ ముందు పోస్టర్ల జోలికి వెళతారు. నన్నడిగితే అరువు ఖాతా తీయండి. చిన్న వ్యాపారికి అన్నిటికన్నా కష్టమైన రాత బాకీ అడగడం. మా వీధిలో స్టేషనరీ కొట్టు బాబాయి మొహమాటంతో రెండేళ్లపాటు కొందరిని అడగనే లేదు. అడిగితే నొచ్చుకుంటారని భయం, అడక్కపోతే సరుకు తేవడానికి చేతిలో డబ్బు లేదు.

ఆయన కోసం ఏఐ చేత మూడు రకాల మెసేజిలు రాయించాం. మొదటిసారి గుర్తుచేసేది, నెల తర్వాత పంపేది, ఆరు నెలలు దాటితే పంపేది. మొదటిది ఇలా వచ్చింది: "నమస్కారమండి. జూన్‌లో పిల్లల పుస్తకాలకు తీసుకున్న సరుకు తాలూకు కొంత మొత్తం మా ఖాతాలో మిగిలి ఉంది. ఈ నెలలో వీలు చూసుకుని పంపగలరు. మా దగ్గరే కొంటున్నందుకు సంతోషం." పేరు, మొత్తం బాబాయే స్వయంగా రాసుకున్నాడు.

ఎవరికి పంపకూడదో కూడా ఆయనకే తెలుసు. మొన్న కూతురి పెళ్లి చేసిన ఇంటికి ఈ నెల వద్దు. ఇంట్లో పెద్దాయన పోయిన వాళ్లకు కర్మలు అయ్యేదాకా వద్దు. పంట చేతికి రాని రైతుకు మెసేజి పెట్టకూడదు, కలిసినప్పుడు మాట్లాడాలి. ఇవి ఏ యంత్రానికీ అప్పగించే సంగతులు కావు. మొదటి పని ఇదే ఎందుకంటే, పంపే ముందు ప్రతి మెసేజీ మీరు చదువుతారు. తప్పుంటే అక్కడే దొరుకుతుంది. ఫలితం రూపాయల్లో కనబడుతుంది.

5. లెక్కలు దాని చేత చేయించకండి

కంప్యూటరే కదా, లెక్క తప్పుతుందా అంటారు. ఇది క్యాలిక్యులేటరు లాంటిది కాదు, రాసే యంత్రం. అంకెల్ని కూడా మాటల్లాగే అంచనా కట్టి రాయగలదు. పొడుగాటి కూడికలో ఎక్కడో జారొచ్చు, జారినట్టు కనబడదు.

బియ్యం కొట్టు చిట్టా పేజీ ఒకటి ఫోటో తీసి చదివించి చూశాను. తలకు కొక్కెంలా వంపు తిప్పి రాసిన ఒకటిని ఏడుగా చదివింది. 1,730 కాస్తా 7,730 అయింది. మధ్యలో ఒక వరుసను వదిలేసింది. చివర మొత్తం మాత్రం చక్కగా గీతలు కొట్టి చూపించింది. నేను పాత పద్ధతిలో వేళ్ల మీద సరిచూశాను కాబట్టి దొరికింది.

పద్ధతి ఇది. చిట్టాను పట్టికగా వేసి ఇవ్వమనండి. ఒక్కో వరుసా పుస్తకంతో పోల్చుకోండి. కూడిక క్యాలిక్యులేటరు మీద చేయండి, లేదా ఎక్సెల్‌లో కూడే సూత్రం ఎలా రాయాలో దాన్ని అడిగి, ఆ సూత్రాన్ని మీ చేత్తో పెట్టుకోండి. సూత్రం నేర్పడంలో అది మంచి మాస్టారు. కూడిక మాత్రం ఎక్సెల్ చేయాలి.

6. కస్టమరుకు దాని చేత జవాబు చెప్పించకండి

ఈ సలహా నాకు డబ్బు పెట్టాక వచ్చింది. రాత్రి పన్నెండింటికి కూడా కస్టమరుకు జవాబిచ్చే యంత్రం పెడతానంటే ఒకాయనకు 18,000 రూపాయలు కట్టి అత్త కొట్టు నంబరుకు పెట్టించాను. మూడో వారంలో డాలస్ నుంచి ఒకమ్మాయి అడిగితే, నాలుగు రోజుల్లో చేరుతుంది, కొరియరు ఖర్చు లేదు అని చెప్పేసింది. మేమెక్కడా అలా రాయలేదు. మాట మా నంబరు నుంచి వెళ్లింది కాబట్టి ఆ పార్సెలు ఖర్చు అత్తే భరించింది. ఆ మర్నాడే దాన్ని తీయించేశాం.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, నానమ్మ పోయిన బాధలో ఉన్న ఒక ప్రయాణికుడికి టికెట్టు రాయితీ గురించి తప్పు చెప్పింది. తగవు బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్‌కు చేరితే, చాట్‌బాట్ మాటలకు అదే బాధ్యత వహించాలన్నట్టు సంస్థ వాదించింది. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. 2024 ఫిబ్రవరిలో దాదాపు 812 కెనడా డాలర్లు చెల్లించమంది. గుమాస్తా ఇచ్చిన మాట యజమాని మాటే అనే మన బజారు ధర్మాన్నే అక్కడి తీర్పూ చెప్పింది.

అడిగిందే అడిగే ఆ నాలుగు ప్రశ్నలకు ఏఐ అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైస్ అని ఉంటుంది. జవాబులు ఒక్కసారి సరిగ్గా రాసి దాచుకుంటే, ఆ తర్వాత ఏటవాలు గీత కొట్టి ఎంచుకోవడమే. ఖర్చు లేదు. ఆ జవాబులు మొదట రాసేటప్పుడు మాత్రం ఏఐ సాయం తీసుకోండి.

7. మూడు నెలలు ఒక్క రూపాయి కట్టకండి

నోటుబుక్కులో ఉన్న పనులకు ఉచితంగా దొరికేవి చాలు. మూడు నెలల తర్వాత, ఫలానా పనికి ఉచితం సరిపోవడం లేదని మీ నోటితో మీరు చెప్పగలిగితే, అప్పుడు కట్టండి. ఆ మాట ఇంకొకరు వచ్చి చెబితే కట్టకండి. ఆ 18,000 పోయాక నేర్చుకున్న పాఠమిది.

8. దాచిపెట్టండి, అందంగా చేయకండి

సమాచారం ఎంత ఇస్తే అంత మంచి జవాబు వస్తుందంటారు. మీ కొట్టు పద్ధతి, ధరలు, షరతులు ఇవ్వండి. కస్టమర్ల పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ కాపీలు, బ్యాంకు పుస్తకం పేజీలు ఇవ్వకండి. "కస్టమరు 1, కస్టమరు 2" అని రాస్తే పని జరిగిపోతుంది. మనతో జరిగిన సంభాషణలు యంత్రాన్ని తయారుచేయడానికి వాడుకోవచ్చు. వద్దనుకుంటే ఆపే వీలు చాలా యాప్‌ల సెట్టింగుల్లో ఉంటుంది. అది ముందే చూసుకోండి. నమ్మి నంబరు ఇచ్చిన మనిషి సమాచారం మీ దగ్గర అప్పుగా ఉన్న సొమ్ము. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూపేదీ అదే దారి. మా అత్త ఆవపిండి, కారం, ఉప్పుల పాళ్లు ఇంతవరకు ఏ యంత్రానికీ చెప్పలేదు. చెప్పనివ్వను కూడా. ఏఐ పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే ఫోను పెట్టేయండి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

ఫోటోల విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. ఏఐ గీసిన ఆవకాయ బొమ్మ కంటికి బాగుంటుంది. అది మీ ఆవకాయ కాదు. చీరల కొట్లోనైతే మరీ ప్రమాదం. భౌగోళిక గుర్తింపు ఉన్న పోచంపల్లి ఇక్కత్ పేరు పెట్టి, ఏ మగ్గం మీదా నేయని చీర బొమ్మ చూపిస్తే, కొన్నవాళ్లను మోసం చేసినట్టే, నేసినవాళ్ల నోటి దగ్గర కూడు తీసినట్టే. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద చర్య తీసుకునే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. పొద్దున ఎనిమిదింటికి గుమ్మంలో వెలుగు పడేచోట సరుకు పెట్టి, మీ ఫోనుతోనే తీయండి. వెనక ఉన్న బస్తాలు చెరిపేయడానికి ఏఐని వాడుకోవచ్చు, రంగు మార్చడానికి వద్దు. సీసా మీద లేబులు రాయిస్తే ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు, బరువు, తయారీ తేదీ మీ చేత్తో మీరే వేయండి. ఖాళీ వదిలితే అది ఏదో ఒక నంబరు నింపేయొచ్చు.

9. మీ అబ్బాయికి అప్పగించకండి

ఇది చాలామందికి నచ్చదు. "మాకు ఆ ఫోన్లు రావు, మావాడు చూసుకుంటాడు" అంటారు. వాడికి ఫోను వచ్చు, నిజమే. టెంక ముదిరిన కాయ ఏదో వాడికి తెలుసా? ఏ ఇంటికి ఈ నెల బాకీ అడగకూడదో తెలుసా? కస్టమరు మాట తీరు చూసి కొంటుందో లేదో చెప్పగలడా? పైన చెప్పిన ప్రతి సలహాలోనూ తప్పు పట్టుకున్నది ఫోను తెలిసినవాడు కాదు, వ్యాపారం తెలిసినవాడే. యంత్రం తప్పు చెప్పినప్పుడు "ఇది కాదు" అనగలిగే మనిషి చేతిలోనే ఆ ఫోను ఉండాలి.

అబ్బాయిని, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. మైకు ఎక్కడుందో వాళ్లు చూపిస్తారు, మాట మీరు చెప్పండి. రోజుకు పావుగంట చాలు. దానివల్ల ఇంకో మేలు కూడా జరుగుతోంది. అత్త ఆ మైకులో పచ్చడి పెట్టే పద్ధతి చెబుతున్నప్పుడు మా చెల్లెలు మొదటిసారి చెవి ఒగ్గి విన్నది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న విద్య అది. అడిగినవాళ్లూ లేరు, కూర్చుని చెప్పే తీరికా లేదు.

పెద్ద దుకాణాలకు ఈ పని చేసిపెట్టడానికి జీతగాళ్లుంటారు. మనకు లేరు. అందుకే ఈ గుమాస్తా మనకు అవసరం, అందుకే ఇతని పట్ల జాగ్రత్తా మనకే ఎక్కువ ఉండాలి. భయపడి దూరంగా ఉండకండి, మురిసిపోయి తాళాలు ఇచ్చేయకండి. రేపు పొద్దున కొట్టు తెరిచి, దీపం పెట్టి, బోణీ అయ్యాక గల్లాపెట్టె పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. మొదటి కస్టమరు అడిగిన మొదటి ప్రశ్న అందులో రాయండి.